మొదటి రేడియో సెట్టు: డబ్బా సంగతి తర్వాత, ముందు తీగ సంగతి

"హ్యామ్ రేడియో పరీక్ష పాసయ్యాను, కాల్‌సైన్ వచ్చింది, ఒక్క సెట్టుకు సరిపడా డబ్బుంది. హ్యాండీ కొనాలా, వంద వాట్ల హెచ్‌ఎఫ్ రిగ్ కొనాలా? ఏ కంపెనీది?" ఇదీ మీ ప్రశ్న. (కాల్‌సైన్ అంటే లైసెన్సుతో వచ్చే స్టేషన్ పేరు, హ్యాండీ అంటే చేతిలో పట్టే వాకీటాకీ, రిగ్ అంటే పెద్ద సెట్టు, హెచ్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఫ్రీక్వెన్సీలు.) కంపెనీ గురించి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఈ లెక్కలో దాని వాటా చాలా తక్కువ. ముందు తేల్చుకోవాల్సింది మీ ఇంటి దగ్గర యాంటెనా ఎక్కడ, ఎంత ఎత్తున, ఎంత పొడవున కట్టగలరన్నది. చోటును బట్టి బ్యాండు (ఏ ఫ్రీక్వెన్సీల వరసలో మాట్లాడాలన్నది), బ్యాండును బట్టి రిగ్. చాలామంది ఈ వరస తలకిందులు చేస్తారు. ఖరీదైన సెట్టు బల్ల మీద పెట్టుకుని, కిటికీకి మూరెడు తీగ వేలాడదీసి, గంటసేపు సీక్యూ ('ఎవరైనా ఉన్నారా' అన్న పిలుపు) పిలిచి "ఎవరూ పలకట్లేదు" అంటారు.

హ్యాండీ, హెచ్‌ఎఫ్ రిగ్ ఒకే పని చేసే చిన్నా పెద్దా సెట్లు కావు. హ్యాండీ పనిచేసేది 2 మీటర్లు (144 మెగాహెర్ట్జ్ నుంచి), 70 సెంటీమీటర్లు (430 మెగాహెర్ట్జ్ నుంచి) బ్యాండ్లలో; ఈ పేర్లు తరంగం పొడవును బట్టి వచ్చినవి. అక్కడ సిగ్నల్ దాదాపు చూపుమేరే పోతుంది. రెండు యాంటెనాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, ఒక్కోదాని వర్గమూలం కనుక్కుని, రెండూ కలిపి 4.12తో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద నిలబడ్డ ఇద్దరి చేతుల్లో హ్యాండీలు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్నాయనుకుంటే పది కిలోమీటర్లు, అదీ మధ్యలో ఏ అడ్డూ లేకపోతే. భవనాలుంటే రెండు మూడు కూడా దక్కకపోవచ్చు. అదే అవతలిది 100 మీటర్ల ఎత్తున ఉన్న రిపీటర్ (మీ సిగ్నల్ అందుకుని మళ్లీ దూరం పంపే స్టేషన్) అయితే 46 కిలోమీటర్లు. కాబట్టి హ్యాండీ విలువంతా రిపీటర్‌లో ఉంది. మీకు అందే దూరంలో రిపీటర్ ఉందా, దాని మీద మనుషులు నిజంగా మాట్లాడుతున్నారా? మ్యాపుల్లో కనిపించే రిపీటర్లలో రోజంతా నోరు మెదపనివి బోలెడు. రిపీటర్ లేకపోతే హ్యాండీ అలంకారమే. నేరుగా హెచ్‌ఎఫ్‌కు వెళ్లండి.

హెచ్‌ఎఫ్‌లో తరంగం అయనోస్ఫియర్‌కు (ఆకాశంలో బాగా పైనున్న విద్యుదావేశ పొరకు) తగిలి వెనక్కి వంగుతుంది కాబట్టి దూరాలు వందలు, వేల కిలోమీటర్లు. దానికి కావాల్సింది పొడవైన తీగ, పట్టాల్సింది ఓపిక.

కొనే ముందు ఒక వారం వినండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఉన్న వెబ్‌ఎస్‌డీఆర్‌ను (ఇంటర్నెట్‌లో ఎవరైనా తిప్పి వినగల రిసీవర్‌ను) బ్రౌజర్‌లో తెరిచి 7 మెగాహెర్ట్జ్, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు తిప్పితే చాలు. మాటలు బాతుల అరుపుల్లా వినిపిస్తే సైడ్‌బ్యాండ్ తప్పు పెట్టారన్నమాట: మాటలకు 10 మెగాహెర్ట్జ్ కింద ఎల్‌ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్), పైన యూఎస్‌బీ (పై సైడ్‌బ్యాండ్) వాడతారు (60 మీటర్ల బ్యాండు ఒక్కటీ మినహాయింపు). 7.074, 14.074 దగ్గర ఆగకుండా ఈల వేసినట్టు వినిపించేది ఎఫ్‌టీ8, అంటే కంప్యూటర్లు పొట్టి సందేశాలు మార్చుకునే డిజిటల్ పద్ధతి. మాటలు, మోర్సు, కంప్యూటర్ తెర మీద అక్షరాలు: వీటిలో ఏది మిమ్మల్ని కూర్చోబెడుతుందో ఈ వారంలో తెలిసిపోతుంది. రిగ్ ఎన్ని వాట్లుండాలన్నది దాని మీదే ఆధారపడుతుంది.

దూరాన ఉన్న రిసీవర్ చెప్పలేనిది మీ ఇంటి రొద. దానికి హెచ్‌ఎఫ్ కూడా అందుకునే ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్), పది మీటర్ల తీగ, బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ సరిపోతాయి. తీగ పరిచి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర రొద ఎంతుందో చూడండి. తర్వాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ చూడండి. రొద ఒక్కసారిగా పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు: ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్, సోలార్ ఇన్వర్టర్, రౌటర్ అడాప్టర్. ఒక్కొక్కటే తిరిగి ఆన్ చేస్తూ పోతే దొరుకుతుంది. ఈ పరీక్ష ఎందుకంటే, ఎస్ మీటరు (రిగ్‌లో సిగ్నల్ బలం చూపేది) మీద ఒక్కో మెట్టు 6 డీబీ (డెసిబెల్స్), అంటే పవర్ నాలుగింతలు. రొద ఎస్7 దగ్గర కూర్చుంటే ఎస్5గా వచ్చేవాళ్లంతా దాని కింద మునిగిపోతారు. ఎంత గొప్ప రిగ్ కొన్నా వాళ్లను పైకి లేపలేదు. యాంటెనాను ఇంటికి పదిహేను మీటర్లు దూరం జరిపితే లేపవచ్చు.

ఇక హ్యాండీ. రిపీటర్ ఉందని తేలితే 5 వాట్ల మామూలు రెండు బ్యాండ్ల ఎఫ్‌ఎం సెట్టు చాలు. డీఎంఆర్, డీ-స్టార్, సీ4ఎఫ్‌ఎం అనే డిజిటల్ మాటల పద్ధతుల్లో ఒకదాని భాష ఒకదానికి తెలియదు. మీ రిపీటర్ ఏది మాట్లాడుతుందో చూడకుండా డిజిటల్ సెట్టు కొంటే ఒంటరిగా మాట్లాడుకోవాలి. బాగా చవక సెట్లు కొన్నింటిలో హార్మోనిక్స్ (రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల్లో పోయే అనవసర సిగ్నళ్లు) పరిమితి దాటి పోతుంటాయి. 145 మీద మాట్లాడుతుంటే 290 మీదా 435 మీదా మీ గొంతు వినిపిస్తుంది, నోటీసు వచ్చేది మీ కాల్‌సైన్ పేరు మీద. కొన్నాక స్పెక్ట్రమ్ అనలైజర్ ఉన్నవాళ్ల దగ్గర ఒకసారి చూపించండి.

హ్యాండీ రిపీటర్‌ను తెరవడం లేదంటే పదిలో తొమ్మిదిసార్లు తప్పు సెట్టింగుదే. షిఫ్ట్ (రిపీటర్ వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా, 2 మీటర్లలో 600 కిలోహెర్ట్జ్) ప్లస్సా మైనస్సా చూడండి. తర్వాత సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతో పాటు పోయి రిపీటర్‌ను తెరిచే మంద్ర స్వరం). అది ట్రాన్స్‌మిట్ వైపు పెట్టాలి. కొత్తవాళ్లు రిసీవ్ వైపు మాత్రమే పెట్టి, అటు రిపీటర్ తెరుచుకోక, ఇటు ఏమీ వినపడక తల పట్టుకుంటారు. మొదట రిసీవ్ టోన్ తీసేసి వినండి, అది తర్వాత పెట్టుకోవచ్చు. చిర్ప్ సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ చేస్తుంటే, ముందు సెట్టులో ఉన్నది కంప్యూటర్‌లోకి దింపుకుని ఆ ఫైలు విడిగా దాచండి, ఆ తర్వాతే కొత్తది ఎక్కించండి. కేబుల్‌లో నకిలీ యూఎస్‌బీ చిప్ ఉంటే విండోస్ డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు. అప్పుడు సెట్టును తిట్టకుండా కేబుల్ మార్చండి.

దానితో వచ్చే రబ్బరు యాంటెనా జేబులో పట్టడానికి చేసింది, దూరం పోవడానికి కాదు. దాని బదులు బయట పెట్టే 2 మీటర్ల బ్యాండు క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్‌ను (తరంగంలో నాలుగో వంతు పొడవున్న నిటారు తీగ, దాని కింద చాచిన తీగలు ఉన్న యాంటెనాను) ఒక సాయంత్రంలో మీరే చేసుకోవచ్చు. నాలుగు మూలల్లో రంధ్రాలున్న చదరపు ఎస్ఓ-239 యాంటెనా సాకెట్ ఒకటి, 2 మిల్లీమీటర్ల మందం ఒంటి రాగి తీగ మూడు మీటర్లు కావాలి. నడిమి పిన్నుకు 49 సెంటీమీటర్ల తీగ నిటారుగా సోల్డర్ చేయండి. నాలుగు మూలల రంధ్రాల్లో చిన్న స్క్రూలతో 52 సెంటీమీటర్ల తీగలు నాలుగు బిగించి, నేలవైపు 45 డిగ్రీలు వంచండి. వంచడం అందానికి కాదు. అడ్డంగా చాచి ఉంచితే ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డంకి) 36 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, వంచితే సెట్టుకు కావాల్సిన 50కి చేరువవుతుంది. నిటారు తీగ కొనను గుండ్రంగా మెలిపెడితే కంటికి గుచ్చుకోదు. దీన్ని కప్పు మీద ఆరు మీటర్ల ఎత్తున పెట్టండి. గదిలో రబ్బరు ముక్కకు అందని రిపీటర్ దీనికి అందవచ్చు.

కానీ ఇక్కడో చిక్కుంది. చవక హ్యాండీల రిసీవర్ మొత్తం ఒక్క చిప్పులో ఉంటుంది, దాని ముందు సరైన ఫిల్టర్లుండవు. పెద్ద యాంటెనా తగిలించగానే చుట్టుపక్కల ఎఫ్‌ఎం స్టేషన్లు దాన్ని నింపేస్తాయి. రిపీటర్ అంతకుముందు కంటే సన్నగా వినిపిస్తుంది. యాంటెనా తప్పు చేశానేమో అని దాన్ని విప్పకండి. ఇంటి నుంచే ఎక్కువగా మాట్లాడేవాళ్లకు కార్లలో పెట్టే 25 నుంచి 50 వాట్ల మొబైల్ రిగ్ మేలు, దాని రిసీవర్ ఈ దెబ్బ తట్టుకుంటుంది. ఇంకొకటి, ఎస్‌ఎంఏ కనెక్టర్. కొన్ని సెట్ల మీద పిన్ను ఉంటుంది, కొన్నింటి మీద గుంట. యాంటెనాకు ఆర్డర్ పెట్టే ముందు సెట్టును తిప్పి చూడండి.

హెచ్‌ఎఫ్‌కు వస్తే అందరూ అడిగేది వాట్లు. 100 వాట్లకూ 10 వాట్లకూ తేడా 10 డీబీ, అంటే అవతలివాడి మీటరు మీద రెండు మెట్ల కంటే తక్కువ. 5 వాట్లకు 13 డీబీ, రెండు మెట్లకు కాస్త ఎక్కువ. చూడ్డానికి చిన్న తేడానే. కానీ మీరు ఎస్4గా పోవాల్సింది ఎస్2గా పోతే, ఎస్3 రొద ఉన్నవాడికి మీరు లేనట్టే. అందుకని మాటల మీద మోజున్నవాళ్లు మొదటిసారే 100 వాట్లది తీసుకోవాలని నా పట్టు. 5 వాట్ల క్యూఆర్‌పీ (తక్కువ పవర్) సెట్టు ముచ్చటగా ఉంటుంది, అయితే అది అనుభవం ఉన్నవాళ్ల ఆట. మోర్సు, ఎఫ్‌టీ8 వైపు వెళ్తే మాత్రం 5, 10, 20 వాట్లు హాయిగా సరిపోతాయి. ఎఫ్‌టీ8లో ఒక్కో విడత దాదాపు 13 సెకన్లు ఫుల్ పవర్‌తో ఆగకుండా పోతుంది కాబట్టి 100 వాట్ల సెట్టును కూడా 30, 40 దగ్గరే పెట్టాలి. కంప్యూటర్ గడియారం ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ అయితే డీకోడ్ కాకపోవచ్చు, ఆ తప్పును రిగ్ మీద వేయకండి.

పవర్ సప్లైని చివరి నిమిషంలో కొనే వస్తువుగా చూస్తారు. 100 వాట్లు పంపే రిగ్ 13.8 వోల్టుల దగ్గర 20 నుంచి 23 ఆంపియర్లు లాగుతుంది. సప్లై మీద రాసిన 30 ఆంపియర్లు ఆగకుండా ఇచ్చేవా, క్షణం పాటు ఇచ్చేవా చదవండి. ఆగకుండా 25 ఇవ్వగలిగితే సరే. తర్వాత తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లంటే పోనూ రానూ ఆరు మీటర్లు, అడ్డంకి 0.042 ఓమ్. దాంట్లో 20 ఆంపియర్లు పారితే 0.84 వోల్టు దారిలోనే పోయింది. సన్నతీగ వాడితే ఇంకా పోతుంది. లక్షణం తేలిగ్గా గుర్తుపట్టొచ్చు: మీరు గట్టిగా "హలో" అనగానే డిస్‌ప్లే మసకబారుతుంది, లేదా రిగ్ ఆగి మళ్లీ లేస్తుంది. రిగ్‌తో వచ్చిన తీగనే వాడండి, దాని ప్లస్, మైనస్ తీగలు రెండింటికీ ఉన్న ఫ్యూజులు కోసి పారేయకండి, సప్లైని రిగ్‌కు దగ్గరగా పెట్టండి. నాలుగు సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ (12.8 వోల్టులు) కూడా మంచి దారే. రొద అసలుండదు, కరెంటు పోయినా పని ఆగదు.

ఇప్పుడు తీగ. మొదటి యాంటెనాగా 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) డైపోల్‌కు, అంటే మధ్యలో కేబుల్ తగిలే రెండు కాళ్ల తీగకు, నా ఓటు. పగలు కొన్ని వందల కిలోమీటర్లు, రాత్రి అంతకు మించి పోతుంది. ఎనిమిది పది మీటర్ల ఎత్తు చాలు. పైగా అదే తీగ మూడో హార్మోనిక్ దగ్గర, అంటే 15 మీటర్ల బ్యాండులో కూడా పలుకుతుంది. పొడవు లెక్క: 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో మొత్తం పొడవు. 7.1కి 20.14, ఒక్కో కాలు 10.07 మీటర్లు. కానీ సరిగ్గా అంతే కోయొద్దు. ఒక్కో కాలు 10.4 మీటర్లు కోయండి. నడిమి భాగం ఎత్తున కట్టి, రెండు కొనలూ కిందికి దించి తిరగేసిన 'వీ'లా పెట్టండి. మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు, కొనలు మనిషి చేతికి అందకూడదు. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే నిష్పత్తి, 1 అయితే ఏమీ రానట్టు) అన్నిటికంటే తక్కువ ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉందో కొలవండి. 6.88 దగ్గర ఉందనుకుందాం. 10.4ను 6.88తో గుణించి 7.10తో భాగిస్తే 10.08. అంటే ఒక్కో వైపు 32 సెంటీమీటర్లు తగ్గాలి. కత్తెర పట్టుకోకండి. ముందు 20 సెంటీమీటర్లు కొన దగ్గర వెనక్కి మడిచి, తీగ మీదే బిగుతుగా చుట్టి మళ్లీ కొలవండి. మడిచినది పొడవు తగ్గినట్టే పనిచేస్తుంది, ఎక్కువైతే విప్పుకోవచ్చు. పైన ప్లాస్టిక్ తొడుగున్న తీగ, ఒట్టి తీగ కంటే రెండు మూడు శాతం పొట్టిగా తేలుతుంది, కంగారు పడొద్దు.

ఫీడ్ పాయింట్ (కేబుల్ తీగను కలిసే చోటు) దగ్గర ఒక చోక్ తప్పనిసరి: ఎఫ్‌టీ240-31 లేదా 43 ఫెరైట్ రింగు, 61 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది, దాని మీద ఆర్‌జీ-58 రకం కో-యాక్స్ (నడిమి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉన్న యాంటెనా కేబుల్) 11 చుట్లు. ఇది లేకపోతే కో-యాక్స్ పైతొడుగు కూడా యాంటెనాలో భాగమైపోతుంది. ఇంట్లోని రొదను మోసుకొస్తుంది, మీరు మాట్లాడుతుంటే మైకు పెదవికి చురుక్కుమంటుంది, కంప్యూటర్ మౌస్ దానంతటదే కదులుతుంది.

రెండు కొనలు కట్టే చోటు లేకపోతే 20 మీటర్ల పొడవున్న ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్ (ఒక కొన దగ్గరే కేబుల్ తగిలే తీగ), 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో. 40, 20, 15, 10 మీటర్ల బ్యాండ్లలో పనిచేస్తుంది. తీగ మొదట్లో ఇంపిడెన్స్ 2450 ఓమ్‌ల చుట్టూ ఉంటుంది కాబట్టి 100 వాట్లకు అక్కడ దాదాపు 500 వోల్టులు నిలుస్తాయి. బాల్కనీలో పిల్లల చేతికి తగిలేలా ఉంచొద్దు. చిన్న రింగు మీద చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో ఫుల్ పవర్‌లో ఎఫ్‌టీ8 నడిపితే కోర్ వేడెక్కి ఎస్‌డబ్ల్యూఆర్ మెల్లగా పైకి పాకుతుంది. చల్లారాక మళ్లీ మామూలవుతుంది. ఇది చూసి కనెక్టర్లు వెతుకుతూ రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

కో-యాక్స్ విషయంలో బ్యాండును బట్టి జవాబు మారుతుంది. ఆర్‌జీ-58 20 మీటర్లు 7 మెగాహెర్ట్జ్ దగ్గర మింగేది 0.8 డీబీ, 100 వాట్లలో 83 పైకి చేరతాయి, అభ్యంతరం లేదు. అదే కేబుల్ 145 దగ్గర సుమారు 4 డీబీ మింగుతుంది, 5 వాట్లలో రెండే మిగులుతాయి. 435 దగ్గర ఐదో వంతు. అక్కడ ఆర్‌జీ-213 లేదా అంతకంటే మేలైనది, వీలైనంత పొట్టిగా వాడాలి. ఇందులో మోసపోయే చోటొకటుంది. నష్టం ఎక్కువున్న కేబుల్ కింద మీటరు పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ చాలా బాగున్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే వెనక్కి రావాల్సిన పవర్‌ను కూడా కేబులే తినేసింది.

కొలవడానికి నానోవీఎన్‌ఏ (యాంటెనాలను కొలిచే చిన్న పరికరం) ఒకటి కొనండి, ట్యూనర్ (రిగ్‌కు 50 ఓమ్‌లు కనిపించేలా సర్దే పెట్టె) కంటే ముందు. వాడే ప్రతిసారీ ఓపెన్, షార్ట్, 50 ఓమ్ లోడ్ మూడూ పెట్టి క్యాలిబ్రేట్ చేయాలి, లేకపోతే గీత అందంగా వస్తుంది గానీ అబద్ధం చెబుతుంది. రిగ్ పవర్‌ను పొరపాటున కూడా దాంట్లోకి పంపొద్దు, వెంటనే కాలిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 2 అంటే 11 శాతం వెనక్కి వస్తోంది, 3 అంటే 25. 1.5 వచ్చాక ఇంకా దిగాలని తీగ వెంట పడటం వృథా ప్రయాస. బ్యాండులోనే కాదు, దాని కిందా పైనా వెతికినా ఎక్కడా 3 కిందికి దిగకపోతే అది పొడవు సమస్య కాకపోవచ్చు, ఎక్కడో అతుకు ఊడిందేమో. రెండు వైపులా కేబుల్ ఊడదీసి మల్టీమీటరుతో చూడండి: నడిమి పిన్ను ఈ కొన నుంచి ఆ కొనకు కలవాలి, పైతొడుగు కూడా కలవాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకూడదు. కేబుల్ కొన కనెక్టర్ పీఎల్-259లో అల్లిక సరిగా సోల్డర్ కాక ఊగుతూ ఉండటం అన్నిటికంటే మామూలు రోగం. బయటి అతుకుల మీద సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు సాగదీసి చుట్టండి. నీళ్లు ఒక్కసారి అల్లికలోకి దిగాయంటే వత్తిలా మీటర్ల కొద్దీ పీల్చుకుంటుంది, ఆ కేబుల్ ఇక పారేయాల్సిందే.

రిగ్‌లో ఉండే ట్యూనర్ ఎక్కువ సెట్లలో 3:1 దాకానే సర్దుతుంది. అది రిగ్‌ను మభ్యపెట్టి పవర్ తగ్గించకుండా చూస్తుంది తప్ప పైనున్న తీగను బాగుచేయదు. 100 వాట్లు తట్టుకునే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెనా బదులు తగిలిస్తే పవర్‌ను వేడిగా మింగేది) మాత్రం మొదటి రోజే ఉండాలి. తప్పు రిగ్‌దా యాంటెనాదా అన్న ప్రశ్నకు అది రెండు నిమిషాల్లో జవాబిస్తుంది.

పాత సెట్టు కొనేటట్టయితే ఆ డమ్మీ లోడ్ చంకన పెట్టుకుని వెళ్లండి. ప్రతి బ్యాండులో పవర్ చూడండి. అన్నింటిలో తక్కువుంటే తప్పు ఫైనల్ ట్రాన్సిస్టర్లది (పవర్‌ను చివరగా పెంచేవి) కావచ్చు, ఒక్కదాంట్లోనే తక్కువుంటే ఆ బ్యాండు ఫిల్టర్ లేదా రిలే. రిసీవ్‌లో సిగ్నల్ మాయమై, ఒకసారి పీటీటీ (మాట్లాడటానికి నొక్కే బటన్) నొక్కి వదలగానే తిరిగి వస్తే రిలే పాయింట్లు మసిబారాయన్నమాట. 10 మెగాహెర్ట్జ్ మీద డబ్ల్యూడబ్ల్యూవీ లాంటి టైమ్ స్టేషన్ అందితే ఫ్రీక్వెన్సీ ఎంత తప్పిందో తెలుస్తుంది. ఫైనల్స్ ఇప్పుడు తయారు కాని మోడలైతే ఎంత బేరమైనా వదిలేయండి.

లీనియర్ యాంప్లిఫయర్ (రిగ్ పవర్‌ను పెంచే పెట్టె), బల్ల మీద పెట్టే మైకు, "అన్ని బ్యాండ్లూ రెండు మీటర్ల పొడవులో" అనే యాంటెనాలు మొదటి ఏడాది కొననే వద్దు. ఒక్క విషయంలో మాత్రం నాకు రాజీ లేదు. యాంటెనా గానీ గుంజ గానీ ఏ వైపు పడినా కరెంటు లైనుకు తగలనంత దూరం ఉండాలి. పిడుగుల కాలంలో కో-యాక్స్ రిగ్ నుంచి తీసేసి ఇంటి బయట వదలండి. తీసి బల్ల మీదే పెడితే తీసినట్టు కాదు.

చివరికి కంపెనీ. ఐకామ్ ఐసీ-7300 తెర మీద బ్యాండంతా కనిపిస్తుంది, లోపల ట్యూనర్ ఉంది, కొత్తవాళ్లకు సులువు. యాయెసు ఎఫ్‌టీ-891 చిన్నది, గట్టిది, 100 వాట్లూ ఇస్తుంది, అయితే ట్యూనర్ లేదు, మెనూలు లోతు. షియెగు జీ90 20 వాట్లదే గానీ దాని ట్యూనర్ మొండి తీగలను కూడా సర్దుతుంది. మూడింటిలో ఏదైనా పనికొస్తుంది. మీకు తెలిసిన హ్యామ్‌ల దగ్గర వీటిలో ఏది ఉంటే అదే తీసుకోండి. రాత్రి పదింటికి ఏదో మెనూ నొక్కి మైకు మూగబోయినప్పుడు, ఎక్కడ నొక్కాలో ఫోన్‌లో చెప్పగలిగేది అదే రిగ్ ఉన్నవాళ్లే.